పోటీ నాటికి పన్నెండు మందీ ఆరోగ్యంగా ఉండాలంటే: కబడ్డీ జట్టుకు ముప్పై రోజుల పద్ధతి

సెమీఫైనల్ ఉదయం జ్వరంతో ముసుగుతన్ని పడుకున్న కుర్రవాడికి ఆ జ్వరం ఆ రోజు పట్టుకున్నది కాదు. పది రోజుల కిందట ఏదో సాయంత్రం దోమ కుట్టి ఉంటుంది. లేదా మూడు వారాల కిందట ఎక్కడో చెడ్డ నీళ్ళు తాగి ఉంటాడు. మనం మాత్రం ఆ ఉదయమే నుదుటి మీద చెయ్యి వేసి, "నిన్నటి దాకా బాగానే ఉన్నాడే" అంటాం.

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు కళాశాల జట్లను చూసుకునేవారు నన్ను తరచు అడిగేది ఇదే: పెద్ద పోటీకి ముందు పిల్లలు జబ్బు పడకుండా ఏం చేయాలి? నేను కబడ్డీ జట్టును తీసుకువెళ్ళేవాణ్ణి కాబట్టి ఆ అనుభవంతోనే రాస్తున్నాను. చర్మం గురించిన భాగం తప్ప మిగతాదంతా వాలీబాల్, ఖోఖో, ఫుట్‌బాల్ జట్లకూ పనికొస్తుంది.

1. ముందుగా తేదీలను వెనక్కి లెక్కపెట్టండి

ప్రతి జబ్బుకూ ఒంట్లోకి చేరిన రోజుకూ బయటపడే రోజుకూ మధ్య కొంత గడువు ఉంటుంది. ఏ జాగ్రత్త ఎప్పుడు మొదలు కావాలో ఆ గడువే చెబుతుంది. పోటీ తేదీని గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టి, అక్కడి నుంచి వెనక్కి రండి.

- హెపటైటిస్ ఎ పచ్చకామెర్లు: 15 నుంచి 50 రోజులు, ఎక్కువమందిలో సుమారు 4 వారాలు
- ఆటలమ్మ: 10 నుంచి 21 రోజులు
- టైఫాయిడ్: సాధారణంగా 1 నుంచి 3 వారాలు
- ఫాల్సిపారమ్ మలేరియా: దోమ కుట్టాక సాధారణంగా 9 నుంచి 14 రోజులు
- డెంగీ: 4 నుంచి 10 రోజులు
- ఫ్లూ: 1 నుంచి 4 రోజులు
- నోరోవైరస్ వాంతులు, విరేచనాలు: 12 నుంచి 48 గంటలు
- పాచిపోయిన అన్నం వల్ల వాంతులు: కొద్ది గంటలు

దీన్నిబట్టి నీటి జాగ్రత్త నెల రోజుల ముందు, దోమల జాగ్రత్త కనీసం రెండు వారాల ముందు, జనసమ్మర్దానికి దూరంగా ఉండటం వారం ముందు మొదలు కావాలి. తిండి మీద అతి కఠినమైన కాపలా చివరి మూడు రోజులు. చాలా జట్లు ఈ నాలుగింటినీ కలిపి చివరి మూడు రోజుల్లో చేస్తాయి. అప్పటికి నీళ్ళ పని, దోమల పని చేయి దాటిపోయి ఉంటుంది.

2. ముప్పయ్యో రోజు: ఒక రిజిస్టరు తెరవండి

రెండు వందల పేజీల పుస్తకం చాలు. ఆటగాళ్ళతో పాటు కోచ్, మేనేజరు, వెంట వచ్చే వంటమనిషి పేర్లు కూడా రాయండి. వంటమనిషి పేరు చాలామంది మరిచిపోతారు. పన్నెండు మందికీ ఒకేసారి జబ్బు అంటించగల చేతులు అతనివే.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగవలసినవి:

- గత నెల రోజుల్లో జ్వరం వచ్చిందా? మలేరియా మందు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారా?
- ఆటలమ్మ, గవదబిళ్ళలు చిన్నప్పుడు వచ్చాయా?
- ఉబ్బసం ఉందా? ఏ మందైనా పడదా?
- సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే, పుట్టుకతో వచ్చే లక్షణం) పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?
- ఒంటి మీద దురద, మచ్చలు, గడ్డలు ఉన్నాయా?

సికిల్ సెల్ ప్రశ్నను దాటవేయవద్దు. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో ఈ లక్షణం ఎక్కువమందిలో కనిపిస్తుంది. అది ఉన్న ఆటగాడు ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో తీవ్రంగా శ్రమిస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆట మాన్పించాలని కాదు, డాక్టరు సలహాతో నీళ్ళు, విశ్రాంతి సరిగ్గా చూసుకోవాలని. ఈ వివరం మీకూ, డాక్టరుకూ మధ్యనే ఉండాలి. జట్టంతటి ఎదుట అడిగితే ఏ కుర్రవాడూ నిజం చెప్పడు.

టీకాలు వేయించాలనుకుంటే ఇదే సమయం. ఫ్లూ టీకాకైనా, టైఫాయిడ్ టీకాకైనా రక్షణ ఏర్పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. బయలుదేరే ముందు రోజు వేయిస్తే చెయ్యి నొప్పి తప్ప ఈ పోటీకి ప్రయోజనం ఉండదు. ధనుర్వాతం టీకా గడువు కూడా చూడండి.

3. నీళ్ళు: ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు

రాయగడ జిల్లాలో కాశీపురం వైపు కలరా ఎన్నిసార్లు విరుచుకుపడిందో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. కలరా దాకా పోకపోయినా, రెండు రోజుల నీళ్ళవిరేచనాలు చాలు, రైడరు కాళ్ళలో సత్తువ పోవడానికి.

హాస్టలు ట్యాంకుతో మొదలుపెట్టండి. నిచ్చెన వేసుకుని మీరే ఎక్కి చూడండి. మూత సరిగ్గా పడుతోందా, లోపల పాచి ఉందా, పక్షులు, బల్లులు పడే సందు ఉందా? ఖాళీ చేసి, రుద్ది కడిగించి, క్లోరిన్ వేయించాకే జట్టుకు ఆ నీళ్ళు.

తాగే నీటికి మరగబెట్టడాన్ని మించిన పద్ధతి లేదు. బుడగలు బాగా లేచి తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. కొరాపుట్ కొండల మీద కూడా అదే లెక్క, అంతకన్నా చాలా ఎత్తుకు పోతేనే మూడు నిమిషాలు. మరిగిన నీళ్ళను అదే గిన్నెలో మూత పెట్టి చల్లారనివ్వండి. మరగబెట్టి, కడగని బిందెలో పోసి, అందులో చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే పడ్డ శ్రమంతా వృథా. కుళాయి ఉన్న డ్రమ్ము కొనండి.

కట్టెలు, గ్యాసు చాలనప్పుడు క్లోరిన్ బిళ్ళలు వాడవచ్చు. నీళ్ళు మట్టిగా ఉంటే ముందు నాలుగు మడతల శుభ్రమైన గుడ్డలో వడకట్టండి. ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్ళలో పొట్లం మీద ఉన్నదే ప్రమాణం. వేశాక అరగంట ఆగి తాగాలి.

సీసాల సంగతి. ఎత్తి పోసుకుని తాగే అలవాటు మన పిల్లలకు ఉంది, మంచిదే. కానీ కూత ముగించి రొప్పుతూ వచ్చినవాడు సీసా మూతికి నోరు ఆనించకుండా ఉండలేడు. అందుకే ప్రతివారికీ పేరు రాసిన సీసా ఉండాలి. రోజూ రాత్రి సబ్బుతో కడిగి బోర్లించాలి.

నీళ్ళ చెక్‌లిస్టు:

- ట్యాంకు కడిగిన తేదీ రిజిస్టరులో రాశాం
- కుళాయి ఉన్న డ్రమ్ము, మూత ఉంది
- పేర్లతో సీసాలు, రెండు అదనంగా
- క్లోరిన్ బిళ్ళల పొట్లాలు, గడువు తేదీ చూశాం
- ఓఆర్‌ఎస్ పొట్లాలు కనీసం ముప్పై
- నాగావళిలో, వంశధారలో ఈతలు ఈ నెలకు లేవని పిల్లలకు చెప్పాం

4. పదిహేనో రోజు నుంచి దోమ మీద కాపలా

మలేరియా మోసే దోమ రాత్రిపూట కుడుతుంది. డెంగీ దోమ పగలు, ముఖ్యంగా ఉదయం, సాయంకాలం. అంటే మన సాధన వేళల్లోనే. కాబట్టి దోమతెర ఒక్కటే చాలదు.

సాధన ముగిశాక పొట్టి నిక్కర్లతో మైదానం గట్టు మీద గంటసేపు కబుర్లు చెప్పుకోవడం ఆపించండి. స్నానం చేసి, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, కాళ్ళకు చేతులకు దోమల మందు రాసుకోవాలి. రాత్రికి మందు పూసిన దోమతెర. తెర అంచులు పరుపు కిందికి దోపకపోతే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నేను రాత్రి తొమ్మిదిన్నరకు టార్చి పట్టుకుని గదులన్నీ తిరిగి అంచులు చూసేవాణ్ణి. మొదటి మూడు రోజులు పిల్లలకు విసుగు వేసేది, తరువాత వాళ్ళే ఒకరి తెర ఒకరు సర్దేవారు.

పండుగకో, పంట పనికో కొండ ఊళ్ళకు వెళ్ళి వచ్చే సవర, కంధ పిల్లలు జట్టులో ఉంటారు. ఇంటికి వెళ్ళవద్దనడం న్యాయం కాదు. వెళ్ళేటప్పుడు దోమతెర చేతికిచ్చి పంపండి. తిరిగి వచ్చిన తేదీ రాసిపెట్టండి. రెండు వారాల్లోగా ఒళ్ళు వెచ్చబడితే ఆ రోజే రక్తపరీక్ష. ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు.

గడ్డిలో పడుకునే అలవాటు కూడా మాన్పించండి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం గడ్డిలోని కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వస్తుంది. జ్వరం వచ్చినవాడి చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే డాక్టరుకు తప్పక చూపించాలి. దానికి మందు వేరే.

5. చర్మం: కబడ్డీ జట్టుకు ప్రత్యేకం

కబడ్డీలో ఒళ్ళూ ఒళ్ళూ రాసుకోకుండా ఆట లేదు. తామర, గజ్జి, సెగగడ్డలు ఒకరికి ఉంటే పది రోజుల్లో నలుగురికి పాకుతాయి. పిల్లలు సిగ్గుపడి దాస్తారు. అందుకే ముప్పయ్యో రోజున, పదిహేనో రోజున డాక్టరు చేత విడిగా చూపించండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక గొట్టం తెచ్చి రాసుకోవడం. అలాంటి క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల తామర విస్తరిస్తుంది. ఆపగానే రెట్టింపై తిరిగివస్తుంది. ఆ తరువాత నెలల తరబడి మందు వాడవలసి వస్తుంది. క్రీము ఏదైనా డాక్టరు రాసినదే అయి ఉండాలి, చెప్పినన్ని వారాలూ రాయాలి.

రోజువారీ క్రమం:

1. సాధనకు ముందు గోళ్ళు చూడాలి. గీతలు పడితేనే సెగగడ్డకు దారి.
2. తెగిన చోటును సబ్బునీళ్ళతో కడిగి, గట్టిగా కట్టు కట్టాకే మ్యాటు మీదికి.
3. ముగిశాక అరగంటలోపు సబ్బుతో స్నానం. వేళ్ళ సందులు, గజ్జలు పొడిగా తుడుచుకోవాలి.
4. తువ్వాలు, లోదుస్తులు, మోకాలి పట్టీలు ఎవరివి వారివే. తడి బట్టలు సంచిలో కుక్కకుండా ఎండలో ఆరవేయాలి.
5. మ్యాటును ముందు సబ్బునీళ్ళతో తుడవాలి. తరువాత లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున 5 శాతం హైపోక్లోరైట్ కలిపి తడిపి, పది నిమిషాలు ఉంచి, మంచి నీళ్ళతో తుడవాలి. ఈ ద్రావణం ఏ రోజుకు ఆ రోజు కలపాలి. యాసిడ్‌తో గానీ వేరే మందులతో గానీ ఎన్నడూ కలపవద్దు, విషవాయువు వస్తుంది.

6. చివరి వారం: జనం, నిద్ర, బరువు

పెళ్ళి భోజనాలు, జాతరలు, సినిమా హాళ్ళు ఈ వారం వద్దు. కార్తిక పున్నమి మీ లెక్కలో పడితే ఆ మరునాటి ఛాడఖాయిని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. నెలంతా మాంసం మానినవారంతా ఒకేరోజు తింటారు. దుకాణాల్లో రద్దీ, హడావిడి వంట, సగం ఉడికిన ముక్కలు. ఆ రోజు జట్టుకు మాంసం కావాలంటే మెస్సులోనే, మీ కళ్ళ ముందే, ముక్క లోపల ఎరుపు లేకుండా ఉడికించి పెట్టండి. పూర్తిగా వద్దంటే పిల్లలు చాటుగా బయట తింటారు.

నిద్రను మందుగా చూడండి. 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో జలుబు వైరస్‌ను ముక్కులో వేసి చూస్తే, ఏడు గంటలకు పైగా నిద్రపోయినవారికన్నా ఆరు గంటలలోపు నిద్రపోయినవారిలో జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. రాత్రి పదికి ఫోన్లు ఒక సంచిలో వేసి మేనేజరు గదిలో పెట్టడం నేను కచ్చితంగా అమలు చేసిన నియమం.

చివరి వారంలో సాధన భారం తగ్గించండి. బరువు పరిమితి ఉందని నీళ్ళు మానేసి, దుప్పట్లు కప్పుకుని చెమట పట్టించే పద్ధతిని దయచేసి ఆపండి. ఒళ్ళు ఎండబెట్టుకున్నవాడు మ్యాటు మీద ముందు తూలతాడు. బరువు తగ్గాలంటే అది ముప్పయ్యో రోజున మొదలుపెట్టవలసిన పని.

సాధనకు ముందు, తరువాత తూకం వేయండి. తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర దాకా నీళ్ళు కొద్దికొద్దిగా పట్టించాలి.

7. ప్రయాణం, బస

రాయగడ నుంచి బరంపురానికో భువనేశ్వర్‌కో హీరాఖండ్ రైల్లో వెళ్ళినా, బస్సులో ఘాటు దిగినా, నీళ్ళూ తిండీ మనతోనే ఉండాలి. స్టేషన్లో కోసిన పండ్లు, చట్నీ, గుప్‌చుప్ (పానీపూరీ) నీళ్ళు వద్దు. అరటిపండు, కమలా, ఉడికించి పెంకు తీయని గుడ్లు, అటుకులు, వేయించిన వేరుశనగలు మేలు. చేతికి సబ్బు బిళ్ళ ఉండాలి. శానిటైజరు ఫ్లూ వైరస్‌లకు పనిచేస్తుంది గానీ నోరోవైరస్‌కు అంతగా పనిచేయదు. తినే ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక ఇరవై సెకన్లు సబ్బుతోనే కడగాలి.

ఒక ఏడాది మాకు బస ఇచ్చిన చోట రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున తాలింపు వేసి పెట్టారు. వేడిగా, రుచిగా ఉంది. నేనూ తిన్నాను. పదకొండు గంటలకు నలుగురు పిల్లలు వాంతులు చేసుకున్నారు. వండిన అన్నాన్ని బయట వదిలేస్తే అందులో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విషాన్ని విడుస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. అప్పటి నుంచి నా నియమం: వండిన రెండు గంటలలోపు తినాలి, మిగిలింది జట్టుకు పెట్టకూడదు. పఖాళ, చద్దన్నం ఇంట్లో మంచివే. కానీ వాటిలో పోసిన నీళ్ళు ఎక్కడివో తెలియని చోట, పోటీ రోజుల్లో వద్దు.

అమ్మాయిల జట్టుతో వెళ్ళేవారికి ఒక మాట. పోటీ జరిగే చోట మరుగుదొడ్డి బాగుండదని అమ్మాయిలు పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, జ్వరం అక్కడి నుంచే మొదలవుతాయి. చేరిన వెంటనే మరుగుదొడ్డి చూడండి. నీళ్ళు, గడియ, బకెట్టు, మూత ఉన్న చెత్తబుట్ట లేకపోతే నిర్వాహకులను నిలదీసి ఏర్పాటు చేయించండి. ఇది మేనేజరు బాధ్యత, పిల్లలు అడగవలసిన విషయం కాదు.

8. ఒకరికి జబ్బు వస్తే

ప్రతి ఉదయం సాధనకు ముందు ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి: నిద్ర పట్టిందా, విరేచనం మామూలుగా అయిందా, ఒళ్ళు వెచ్చగా ఉందా. పిల్లలు "టికే జ్వర" (ఒడియాలో, కాస్త జ్వరం) అని తేలిగ్గా తీసేస్తారు. ఆ మాట వినగానే థర్మామీటరు తీయండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జ్వరమే.

- జ్వరం: ఆ రోజే మలేరియా పరీక్ష. గది విడిగా. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ఇవ్వవద్దు. అది డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావానికి దారితీయవచ్చు.
- మలేరియా అని తేలితే: మూడు రోజుల మందైనా, పద్నాలుగు రోజుల మందైనా చివరి బిళ్ళ దాకా. జ్వరం తగ్గిందని ఆపితే తిరగబెట్టవచ్చు.
- విరేచనాలు: లీటరు మంచినీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం. లేకపోతే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలవాలి. ఆగిన తరువాత కూడా 48 గంటల దాకా వంటగది వైపు రానివ్వవద్దు. మరుగుదొడ్డి విడిగా ఉండాలి.
- కళ్ళకలక: తువ్వాలు, దిండు విడిగా. కన్ను ఎర్రగా ఉన్నంతకాలం ఒంటికి ఒళ్ళు తగిలే సాధన లేదు.
- మెడ బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం, మూత్రం రాకపోవడం, పచ్చబడిన కళ్ళు: ఆలోచించకుండా ఆసుపత్రికి.

ఆడించాలా వద్దా అన్నదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. నా నియమం: ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే తేలికపాటి సాధన చేయవచ్చు. జ్వరం, ఒళ్ళునొప్పులు, ఛాతీలో దగ్గు, విరేచనాలు ఉంటే లేదు. మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే మళ్ళీ నెమ్మదిగా మొదలు. మాత్ర వేసి చల్లబరచి మ్యాటు ఎక్కించడం అందరూ చేసే పని. వైరల్ జ్వరంలో గట్టిగా శ్రమిస్తే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది, పడిపోయి లేవనివారు ఉన్నారు. కెప్టెనైనా, బెస్ట్ రైడరైనా, ఆ పిల్లవాడి అమ్మానాన్నలు మన చేతుల్లో పెట్టి పంపినవాడు. బెంచి మీద అయిదుగురు ఉన్నది ఇలాంటి రోజు కోసమే.

జలుబు మాత్రలు కూడా అడగకుండా వేయవద్దు. వాటిలో కొన్నింటిలో ఉండే సూడోఎఫెడ్రిన్, పోటీ రోజున మూత్రంలో పరిమితి దాటితే డోపింగ్ కిందికి వస్తుంది.

9. సంచిలో ఉండవలసినవి

- డిజిటల్ థర్మామీటర్లు రెండు
- పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, డాక్టరు రాసిచ్చిన మందులు
- దూది, కట్టుగుడ్డ, అంటుకునే పట్టీలు, చేతి తొడుగులు
- సబ్బులు, గోళ్ళ కత్తెర
- దోమతెరలు, కట్టడానికి తాడు, మేకులు (మేకులు మరిచిపోయి తెరలు మడతపెట్టినట్టే వెనక్కి తెచ్చిన జట్లను చూశాను)
- శానిటరీ ప్యాడ్లు, పాత వార్తాపత్రికలు
- దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి దారి, 108 నంబరు రాసిన కాగితం, ఒడియాలోనూ తెలుగులోనూ

10. తిరిగి వచ్చాక

రిజిస్టరును అప్పుడే మూసేయకండి. బస చేసిన చోట కుట్టిన దోమ, తాగిన నీళ్ళు ఇంటికొచ్చాక బయటపడతాయి. రెండు వారాల పాటు ఎవరికి జ్వరం వచ్చినా మీకు ఫోను చేయమని చెప్పండి. డాక్టరు దగ్గర మొదట చెప్పవలసిన మాట, ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు పడుకుని వచ్చారన్నది. ఇళ్ళకు వెళ్ళిపోయిన పిల్లలకు ఏడో రోజున, పద్నాలుగో రోజున మీరే ఫోను చేసి అడగండి. పేరు పక్కన తేదీ వేసి, "బాగున్నాడు" అని రాసుకోండి.